పాయింట్ ఎక్కడ పెట్టాలో స్లైడ్ రూల్ చెప్పదు.. అదే దాని బెస్ట్ ఫీచర్

మామూలుగా ఇక్కడ మనం కొత్త ఫోన్ల గురించి, ఇయర్‌బడ్స్ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి బ్యాటరీ లేని, డిస్‌ప్లే లేని, ఛార్జర్‌తో అస్సలు పనిలేని ఒక గ్యాడ్జెట్ గురించి రాస్తున్నా. దాని వయసు దాదాపు 60 ఏళ్లు. ఇప్పటికీ మొదటి రోజు ఎలా పనిచేసిందో అలాగే పనిచేస్తోంది. ఒక్క సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా రాలేదు, రావాల్సిన అవసరమూ పడలేదు.

దాని పేరు స్లైడ్ రూల్. నా దగ్గరికి అది ఎలా వచ్చిందో చెప్పాలంటే, ముందు నేను ఆఫీసులో చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి.

20.74 అనే అందమైన నంబర్

మా టీమ్ ఒక కొత్త సర్వీస్ రిలీజ్ చేయాలి. లాగ్స్ దాచడానికి నెలకి ఎంత స్టోరేజ్ కావాలో లెక్క కట్టే పని నాకు పడింది. సెకనుకి 4,000 రిక్వెస్టులు, ఒక్కోదానికి 2 కేబీ లాగ్. రోజుకి 86,400 సెకన్లు, నెలకి 30 రోజులు. షీట్‌లో ఫార్ములా పెట్టా, 10 పవర్ 9తో భాగించా, 20.74 వచ్చింది. కాలమ్ పైన 'జీబీ' అని రాశా. ఒక ఏఐ టూల్‌కి ఇచ్చి నీట్‌గా టేబుల్ చేయించా. సేఫ్టీకి డబుల్ వేసి 40 జీబీ అడిగా. ఇద్దరు సీనియర్లు చూసి ఓకే అన్నారు.

తప్పు ఎక్కడుందో మీలో చాలామందికి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. బైట్లని 10 పవర్ 9తో భాగిస్తే జీబీలు వస్తాయి. నా దగ్గర ఉన్నవి బైట్లు కాదు, కేబీలు. అంటే వచ్చింది 20.74 టీబీ. వెయ్యి రెట్లు తేడా!

రిలీజ్‌కి ముందు రాత్రి ఫుల్ లోడ్ టెస్ట్ పెట్టారు. నెలకి సరిపోతుందనుకున్న డిస్క్ గంటన్నర కూడా గడవకముందే నిండిపోయి సర్వీస్ ఆగిపోయింది. ఆ రాత్రి ఆన్‌కాల్‌లో ఉన్నది మా టీమ్‌లో చేరి 3 నెలలే అయిన అమ్మాయి. ఏం జరిగిందో అర్థంకాక తెల్లారేదాకా సిస్టమ్ ముందే కూర్చుంది. పొద్దున కాల్‌లో మొదటి అక్షింతలు తనకే పడ్డాయి. పాత లాగ్స్ డిలీట్ అయ్యే సెట్టింగ్ సరిగ్గా పెట్టలేదేమో అన్నారు. నేనూ ఆ కాల్‌లోనే ఉన్నా. షీట్ తెరిచి చూసుకున్నా, తప్పు కనబడింది. కానీ 'తప్పు నాది' అని నోరు విప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. రిలీజ్ వారం వాయిదా పడింది, అది వేరే సంగతి. ఆ మూడు నాలుగు గంటలు గుర్తొస్తే మాత్రం నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

తాతయ్య లెక్క

సంక్రాంతికి మాచర్ల వెళ్లినప్పుడు ఈ సంగతి తాతయ్యకి చెప్పా. ఆయన ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో ఇంజినీరు. 1960ల్లో నాగార్జునసాగర్ కుడి కాలువ పనులతో ఉద్యోగం మొదలుపెట్టి, రిటైర్ అయ్యేదాకా కాలువల మీదే తిరిగారు. అంతా విని ఒకటే అడిగారు.

"ఈ ఎంబీ అంటే ఏంటో నాకు తెలీదురా. ఒక బస్తా అనుకుంటా. సెకనుకి ఎన్ని బస్తాలు?"

"ఎనిమిది."

"రోజుకి సెకన్లు ఎన్ని? ఉజ్జాయింపుగా లక్ష. అంటే రోజుకి ఎనిమిది లక్షల బస్తాలు. నెలకి రెండు కోట్ల పైమాటే. మరి నువ్వెన్ని అని రాశావు?"

"20 జీబీ.. అంటే మీ లెక్కలో ఇరవై వేల బస్తాలు."

"రెండు కోట్లకీ ఇరవై వేలకీ తేడా కళ్లకి ఆనలేదా?"

నా దగ్గర సమాధానం లేదు. పది సెకన్లలో, కాగితం కూడా లేకుండా, ఎంబీ అంటే ఏంటో తెలియని మనిషి నా తప్పు పట్టుకున్నారు. తర్వాత లేచి వెళ్లి, బీరువాలో పాత ఎల్ఐసీ కాగితాల కింద నుంచి ఒక పొడవాటి లెదర్ కేసు తీసుకొచ్చి చేతిలో పెట్టారు. "సర్వీసులో సగం దీంతోనే చేశా. ఇది నీకు జవాబు చెప్పదు. సగమే చెబుతుంది. మిగతా సగం నువ్వే చెప్పాలి" అన్నారు.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

నా చేతిలో ఉన్నది జపాన్‌లో తయారైన హెమ్మీ. లోపల వెదురు, పైన తెల్లటి సెల్యులాయిడ్ పూత. గాలిలో తేమకి మామూలు చెక్క ఉబ్బుతుంది, వంగుతుంది. వెదురుకి ఆ బెడద తక్కువ, అందుకే వెదురు వాడారు. మధ్యలో పట్టీ ఒకటి అటూ ఇటూ జరుగుతుంది. పైన సన్నటి గీత ఉన్న గాజు ముక్క ఒకటి ఉంటుంది, దాని పేరు కర్సర్. అవును, కర్సర్ అనే పేరు మన స్క్రీన్ల కంటే ముందే దీనికి ఉంది.

స్కేల్ మీద 1 నుంచి 10 వరకు అంకెలుంటాయి, కానీ సమాన దూరంలో ఉండవు. 1కీ 2కీ మధ్య చాలా జాగా, 9కీ 10కీ మధ్య చాలా తక్కువ. ఎందుకంటే ఆ దూరాలు లాగరిథమ్‌లు. రెండు సంఖ్యల లాగరిథమ్‌లు కూడితే ఆ సంఖ్యల గుణకారం వస్తుందని ఇంటర్‌లో చదువుకున్నాం కదా, ఇదీ అదే. 2ని 3తో గుణించాలంటే పట్టీ మీది 1ని కింది స్కేల్ మీది 2 దగ్గర పెట్టాలి, పట్టీ మీది 3 కింద చూడాలి. అక్కడ 6 ఉంటుంది. రెండు పొడవులని కలిపాం, అంతే.

ఇప్పుడు అసలు మలుపు. 20ని 3తో గుణించాలన్నా పట్టీ అక్కడే ఉంటుంది. 0.2ని 300తో గుణించాలన్నా అక్కడే. స్కేల్ '6' అని మాత్రమే చెబుతుంది. అది ఆరా, అరవయ్యా, ఆరు వేలా అన్నది మనమే తేల్చుకోవాలి.

ఉదాహరణకి కాలువలో పారే నీటి లెక్క చూద్దాం. కాలువ అడ్డుకోత వైశాల్యాన్ని నీటి వేగంతో గుణిస్తే సెకనుకి ఎంత నీరు పోతుందో వస్తుంది. వైశాల్యం 23.5 చదరపు మీటర్లు, వేగం 4.8 మీటర్లు అనుకోండి. స్లైడ్ రూల్ మీద ఎడమ వైపు 1తో పెడితే జవాబు స్కేల్ దాటిపోతుంది, కుడి వైపు చివరితో పెట్టాలి. అప్పుడు కర్సర్ కింద 1-1-3 కనబడుతుంది. ఈలోగా బుర్రలో 20 ఐదులు వంద అనుకుంటాం. కాబట్టి జవాబు 113. అసలు జవాబు 112.8. కాలువ తవ్వేవాడికి ఆ తేడాతో పనిలేదు. పైగా ఆ లెక్క చూసిన ఇంజినీరుకి ఇంకో అనుమానం కూడా వస్తుంది: మట్టి కాలువలో నీటికి 4.8 మీటర్ల వేగం ఏంటి, గట్లు కోసుకుపోవా? తాతయ్య ఈ ఉదాహరణ వినగానే పట్టుకున్నది దాన్నే. నేను లెక్క చూసుకున్నా, ఆయన కాలువని చూశారు.

లాగ్ టేబుల్స్ వాడినవాళ్లకి ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మాంటిస్సా టేబుల్‌లో దొరుకుతుంది, క్యారెక్టరిస్టిక్ మనమే వేసుకోవాలి. స్లైడ్ రూల్ కూడా మాంటిస్సా మాత్రమే ఇచ్చే మెషీన్.

350 ఏళ్ల ఫ్లాగ్‌షిప్

నేపియర్ 1614లో లాగరిథమ్‌లని ప్రచురించాడు. 1620ల్లో ఇంగ్లండ్‌లో విలియం ఆట్రెడ్ లాగరిథమ్ స్కేళ్లు రెండింటిని పక్కపక్కన జరిపి స్లైడ్ రూల్ చేశాడు. అక్కడ నుంచి 1970ల దాకా, అంటే దాదాపు 350 ఏళ్లు, ఇంజినీర్ల చేతిలో ఇదే. అపోలో వ్యోమగాములతో పాటు పికెట్ కంపెనీ చిన్న స్లైడ్ రూల్ కూడా వెళ్లింది. మన ఫోన్ రెండేళ్లకే ముసలిదైపోతోంది, ఒకసారి పోల్చి చూసుకోండి.

దాన్ని ఇంటికి పంపించింది పాకెట్ కాలిక్యులేటర్. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ టీమ్ 1967లో చేతిలో పట్టే కాలిక్యులేటర్ నమూనా తయారుచేసింది. 1970లో క్యానన్ పాకెట్రానిక్ వచ్చింది. దానికి డిస్‌ప్లే ఉండదు, జవాబుని సన్నటి కాగితం మీద ప్రింట్ చేసేది. కానీ ఇవి చేసేవి కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం మాత్రమే. స్లైడ్ రూల్‌కి అసలు దెబ్బ 1972లో హెచ్‌పీ-35తో పడింది. తన షర్ట్ జేబులో పట్టే సైంటిఫిక్ కాలిక్యులేటర్ కావాలని బిల్ హ్యూలెట్ పట్టుబట్టడంతో పుట్టిన మెషీన్ అది. 35 బటన్లున్నాయి కాబట్టి ఆ పేరు. ఎర్రటి ఎల్ఈడీ డిస్‌ప్లే, సైన్, కాస్, లాగ్ అన్నీ ఉన్నాయి. బరువు పావు కిలో. ధర 395 డాలర్లు, ఇప్పటి విలువలో దాదాపు 3,000 డాలర్లు. ఈక్వల్స్ బటన్ ఉండదు: 3 కొట్టి, ఎంటర్ నొక్కి, 4 కొట్టి, చివర్లో ప్లస్ నొక్కాలి.

తర్వాత ధరలు ఎలా పడ్డాయంటే, 1976లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఐ-30ని సుమారు 25 డాలర్లకే ఇచ్చింది. నాలుగేళ్లలో 395 నుంచి 25! ఇదే కంపెనీ కొన్ని మోడళ్లకి ఎస్ఆర్-10, ఎస్ఆర్-50 అని పేర్లు పెట్టింది. ఎస్ఆర్ అంటే స్లైడ్ రూల్. చంపుతున్నవాడి పేరే పెట్టుకుని మార్కెట్లోకి వచ్చారన్నమాట.

ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా నా ఫేవరెట్ మాత్రం 1974లో వచ్చిన సింక్లెయిర్ సైంటిఫిక్. నాలుగు లెక్కలు మాత్రమే చేయడానికి ఉద్దేశించిన చౌక చిప్‌లో 320 ఇన్‌స్ట్రక్షన్లకే జాగా ఉంది. అందులోనే సైన్, కాస్, లాగ్ అన్నీ ఇరికించారు. పై విలువ లాంటి స్థిరాంకాలు దాచుకోవడానికి చోటు చాలక వాటిని డబ్బా మీద ప్రింట్ చేశారు! నెమ్మదిగా పనిచేసేది, చివరి అంకెలు తప్పేవి. కానీ ధర 50 పౌండ్ల లోపే. ఒక్క చిన్న యాప్‌కి 200 ఎంబీ తినేసే మనం దీనికి ఒక దండం పెట్టాలి.

పాయింట్ పెట్టే పని ఎవరికి పోయింది?

ఇక్కడే నా అసలు వాదన. కాలిక్యులేటర్ వచ్చాక వేగం పెరిగింది, కచ్చితత్వం పెరిగింది, చౌకైంది. ఇవన్నీ నిజమైన లాభాలే. కానీ దశాంశ బిందువు పెట్టే పని మన చేతిలోంచి మెషీన్‌కి వెళ్లింది. దాంతో పాటే 'ఈ జవాబు ఇంచుమించు ఎంత ఉండాలి' అని ముందే అనుకునే అలవాటూ పోయింది. అది ఎవరూ మన దగ్గర లాక్కోలేదు, అవసరం లేదు కదా అని మనమే వదిలేశాం.

బీటెక్‌లో మనందరి చేతిలో క్యాసియో 991 ఉండేది. రేడియన్ మోడ్‌లో మర్చిపోయి సైన్ 30 కొడితే 0.5 రావాల్సింది -0.988 వచ్చేది. డిస్‌ప్లే పైన బుల్లి అక్షరం ఒకటి మోడ్ చెబుతూనే ఉంటుంది, ఎవరు చూస్తారు? మా బ్యాచ్‌లో ఆ మైనస్‌ని అలాగే చివరి స్టెప్ దాకా మోసుకెళ్లినవాళ్లు ఉన్నారు. నేనూ ఒకసారి మోశా.

మెషీన్లు తప్పు చేయవా అంటే, చేస్తాయి. హెచ్‌పీ-35 మొదటి బ్యాచ్‌ల్లో 2.02కి నేచురల్ లాగ్ తీసి మళ్లీ ఎక్స్‌పొనెన్షియల్ చేస్తే, తిరిగి 2.02 రావాల్సింది 2 వచ్చేది. కంపెనీ దాన్ని దాచలేదు, కొన్నవాళ్లకి చెప్పి మార్చి ఇస్తామంది. 2017లో ఐఓఎస్ 11 కాలిక్యులేటర్‌లో 1+2+3 వేగంగా కొడితే 24 వచ్చేది గుర్తుందా? బటన్ యానిమేషన్ పూర్తయ్యేలోపు నొక్కిన రెండో ప్లస్ మిస్సయ్యి 1+23 అయిపోయేది. దాన్ని జనం ఎందుకు వెంటనే పట్టుకోగలిగారు? 1+2+3 ఎంతో అందరికీ ముందే తెలుసు కాబట్టి. తెలియని లెక్కలో అదే తప్పు జరిగితే ఎంతమంది పట్టుకునేవాళ్లు?

మంచి ఉదాహరణ కూడా ఉంది. ఆండ్రాయిడ్ కాలిక్యులేటర్‌లో 10 పవర్ 100కి 1 కలిపి, మళ్లీ 10 పవర్ 100 తీసేయండి. సరిగ్గా 1 వస్తుంది. మామూలు ఫ్లోటింగ్ పాయింట్‌తో అయితే 0 వస్తుంది. హాన్స్ బోమ్ అనే గూగుల్ ఇంజినీరు దీని కోసం ప్రత్యేకమైన పద్ధతి రాశాడు. ఇంత శ్రమ ఉంది ఆ చిన్న యాప్ వెనక. కానీ ఇంత గొప్ప యాప్ కూడా, కేబీని బైట్ అనుకున్న నన్ను కాపాడలేదు. ఎందుకంటే తప్పు లెక్కలో లేదు, ప్రశ్నలో ఉంది. ఏఐ టూల్ అయితే నా తప్పుకి చక్కటి టేబుల్ కట్టి, బోల్డ్‌లో పెట్టి ఇచ్చింది.

20.74లో ఆ '.74' ఉంది చూశారూ, మా ముగ్గురినీ నమ్మించింది అదే. 'ఇరవై' అని ఉంటే ఎవరో ఒకరు ఎలా వచ్చిందని అడిగేవాళ్లేమో. రెండు దశాంశ స్థానాలు ఉండేసరికి ఎవరో జాగ్రత్తగానే లెక్క కట్టి ఉంటారు అనిపించింది. స్లైడ్ రూల్ మీద ఆ మోసం కుదరదు. మూడు అంకెలకి మించి చెప్పదు, చెప్పలేని దాన్ని చెప్పినట్టు నటించదు.

అలాగని వెనక్కి వెళ్దామా?

అస్సలు వద్దు. పాతది బంగారం అనే టైపు ఆర్టికల్ కాదు ఇది. స్లైడ్ రూల్‌తో కూడిక, తీసివేత చేయలేం. కళ్లజోడు మారితే రీడింగ్ మారుతుంది. లెక్క పొడుగయ్యే కొద్దీ చిన్న చిన్న తేడాలు పేరుకుపోతాయి. స్లైడ్ రూల్ కాలంలో తప్పులు జరగలేదా అని తాతయ్యని అడిగితే నవ్వారు. పాయింట్ ఒక స్థానం తప్పి, ఒక తూముకి కావాల్సిన దానికంటే పది రెట్లు సిమెంట్ ఇండెంట్ రాసిన కుర్ర ఇంజినీరు ఒకాయన ఉండేవారట. స్టోర్ కీపర్ చూసి, "సార్, తూము కడుతున్నారా, డ్యామ్ కడుతున్నారా?" అని అడిగాడట. ఆ కుర్ర ఇంజినీరు ఎవరని నేను అడగలేదు. తాతయ్యా చెప్పలేదు.

నాకు అర్థమైంది ఏంటంటే, ఆ తప్పుని పట్టుకున్నది కూడా స్లైడ్ రూల్ కాదు. తూముకి ఎన్ని బస్తాలు పడతాయో ఉజ్జాయింపుగా తెలిసిన స్టోర్ కీపర్. మనకి కావాల్సింది పాత పరికరం కాదు, ఆ ఉజ్జాయింపు.

అందుకే ఇప్పుడు మా టీమ్ డాక్యుమెంట్లలో ప్రతి లెక్క పక్కన ఇంకో కాలమ్ పెడుతున్నా. పేరు 'చేతి లెక్క'. షీట్ తెరవకముందే, రౌండ్ చేసిన అంకెలతో బుర్రలో వేసిన అంచనా అందులో రాయాలి. రోజుకి లక్ష సెకన్లు, నెలకి 30 రోజులు, అంతే. రెండు కాలమ్‌ల మధ్య రెండు రెట్లకి మించి తేడా ఉంటే ముందుకు వెళ్లకూడదు. మొదట్లో అందరూ నవ్వారు. ఆ రాత్రి ఆన్‌కాల్‌లో ఉన్న అమ్మాయి మాత్రం నవ్వలేదు. పోయిన నెల నా లెక్కలో ఇంకో తప్పు పట్టుకుంది, ఈసారి పది రెట్లు. కాల్‌లో అందరి ముందే చెప్పింది. 'తప్పు నాదే' అనడానికి ఈసారి నాకు మధ్యాహ్నం దాకా పట్టలేదు.

గ్యాడ్జెట్ రివ్యూలు రాసే మాకు, చదివే మీకు కూడా ఒక మాట. ఒక యాప్‌నో, ఏఐ అసిస్టెంట్‌నో టెస్ట్ చేసేటప్పుడు ఎంత వేగంగా చెప్పింది, ఎంత బాగా చెప్పింది అని మాత్రమే చూస్తున్నాం. తప్పు ప్రశ్న వేస్తే ఏం చేస్తుందో కూడా చూద్దాం. యూనిట్లు కలిపేసి అడగండి. అసాధ్యమైన సంఖ్య ఇచ్చి అడగండి. 'ఇది కాస్త ఎక్కువగా లేదూ?' అని తిరిగి అడిగితే దానికి ఒక స్టార్ ఎక్కువ ఇవ్వొచ్చు. కిక్కురుమనకుండా టేబుల్ కట్టి ఇస్తే ఒక స్టార్ కోసేయొచ్చు.

చివరిగా.. కొనాలా, వద్దా?

ప్లస్ పాయింట్లు: ఛార్జింగ్ అక్కర్లేదు, వెదురు బాడీ, తప్పుడు ధీమా ఇవ్వదు. మైనస్ పాయింట్లు: కూడిక రాదు, మూడు అంకెలే, నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది. కొత్తవి షాపుల్లో దొరకడం కష్టం. ఇంట్లో ఇంజినీరుగా పనిచేసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్ల బీరువా అడగండి. దొరక్కపోయినా పర్లేదు, వాళ్లు లెక్క ఎలా వేసేవాళ్లో అడగండి. అది ఇంకా పనికొస్తుంది.

నా స్లైడ్ రూల్ ఇప్పుడు ఆఫీసు డెస్క్ మీద, మానిటర్ కింద ఉంటుంది. నిజం చెప్పాలంటే దాంతో లెక్కలేం చేయను, ఫోన్‌లోనే చేస్తా. కానీ ఈక్వల్స్ నొక్కే ముందు ఒకసారి దాని వైపు చూస్తా. జవాబు ఇంచుమించు ఎంత రావాలో ముందు అనుకుంటా. తర్వాతే నొక్కుతా.